శోభ పాటలో ఖాళీలు

నేను ఒక చిన్న సింథసైజర్‌ను. పిల్లలు పరీక్షలకు తీసుకెళ్లే అట్టకంటే కాస్త వెడల్పుగా, రెండు ఇటుకలంత బరువుగా ఉంటాను. ముందు ఇరవై ఐదు మీటలు, వాటి పైన ఇరవై ఆరు నాబ్‌లు. హార్మోనియంలో గాలి చేసే పని నాలో కరెంటు చేస్తుంది. ఒక నాబ్‌ను వెంట్రుకవాసి తిప్పితే నా గొంతు మారుతుంది. ఇంకో వెంట్రుకవాసి తిప్పితే మనిషే మారినట్టు ఉంటుంది.

నా లోపం ముందే చెప్పుకుంటాను. శబ్దాలను దాచుకునే జ్ఞాపకం నాకు లేదు. నాబ్‌లు ఎక్కడ నిలిచి ఉంటే అదే నా గొంతు. వాటిని కదిలిస్తే పాతది పోతుంది. ఎక్కడికి పోతుందో నాకూ తెలియదు. మరి ఈ కథంతా ఎలా గుర్తుందని అడుగుతారేమో. శబ్దాలు గుర్తుండవు గాని, నన్ను తాకిన చేతులు గుర్తుంటాయి.

మొదటి చేతులు సముద్రం అవతల ఒక ఫ్యాక్టరీలోవి. ఒక నడివయసు ఆవిడ నా లోపలి ముక్కలను అతికించి, ఒక్క స్వరం మోగించి, తల వంచి విన్నది. పెట్టెలో పెట్టి మూత వేసింది.

రెండో చేతులు హైదరాబాద్‌లో టీవీ సీరియళ్లకు సంగీతం కట్టే ఫణిభూషణ్‌గారివి. ఆయన దగ్గర మూడేళ్లు నేను దయ్యాన్ని. తలుపు దానంతటది తెరుచుకుంటే మూలిగేదాన్ని. అత్తగారు ఓరగా చూసినా నేనే, కోడలికి అద్దంలో నీడ కనిపించినా నేనే. అంత చిన్న మూలుగుకే ఊళ్లకు ఊళ్లు దుప్పటి కప్పుకునేవట. ఆ మూడేళ్లలో ఒక్క దయ్యమైనా వచ్చి, “అది నా గొంతు కాదు” అని ఫిర్యాదు చేసిన పాపాన పోలేదు. తర్వాత ఆయన ల్యాప్‌టాప్‌లోకి ఒక సింథ్ వచ్చింది. పెట్టె లేదు, తీగ లేదు, తెర మీద బొమ్మ మాత్రమే. దానిలో వెయ్యి రకాల దయ్యాలు, పేర్లతో సహా. నేను కోఠిలో పాత వాయిద్యాలు అమ్మే జహీర్ భాయ్ దుకాణానికి చేరాను.

అక్కడికి ఒక పొద్దున నవత వచ్చింది. జమ్మికుంట నుంచి బస్సులో వచ్చింది. సన్నగా, తక్కువ మాటలతో ఉండే పిల్ల. జానపద పాటలకు ఇంట్లోనే ల్యాప్‌టాప్ మీద సంగీతం కట్టడం ఆమె పని.

“ఏం పాట కోసమమ్మా? పెండ్లిదా, దేవునిదా?” అన్నాడు జహీర్ భాయ్.

“బతుకమ్మ పాట, భయ్యా.”

“ల్యాప్‌టాప్‌ల సింథ్ ఉన్నది గదా నీకు. మళ్ల ఈ డబ్బా ఎందుకు?”

“అది మంచిగనే పల్కుతది. శ్రుతి ఎన్నడు జారది. గదే కష్టమైతాంది.”

“జారేది కావాల్నా! అరే, నా జిందగీల ఇట్లాంటి గిరాకీ ఫస్ట్ టైమ్.”

నవత నవ్వలేదు. ఫోన్ తీసి ఒక పాటలో కొంత వినిపించింది. ఒక ఆడగొంతు, తోడు వాయిద్యం లేదు. అది నవత అక్క శోభది. వాడకట్టులో బతుకమ్మ ఆడితే ముందు పాట ఎత్తేది శోభే. చిన్న పిల్లలకు నేర్పడానికి తానే అల్లిన పాటను ఫోన్‌లో పాడి పెట్టింది. ఒక వరుస పాడి, వెనక పాడేవాళ్ల కోసం కాసేపు ఆగేది. మళ్లీ ఒక వరుస. ఆ తర్వాతి వానాకాలం జ్వరం వచ్చి వారంలో పోయింది. ఈ ఒక్క పాటలోనే ఆమె గొంతు మిగిలింది.

“పోయినేడు మా ఇంట్ల బతుకమ్మ పేర్వలె. ఈసారి పెత్రమాసకు, తొలి బతుకమ్మ నాడు, వాడకట్టు అందరి ముంగట ఈ పాట పెడ్తనని మాటిచ్చిన. నడుమ ఖాళీలున్నయ్. అవి నింపాలె,” అంది నవత.

కష్టం ఏమిటంటే, శోభ పాడుతూ పాడుతూ కొంచెం కొంచెం పైకి పోయేది. ఒంటరిగా పాడేవాళ్లందరూ అంతే. ల్యాప్‌టాప్ మాత్రం మొదలుపెట్టిన చోటే నిలబడేది. నాలుగో ఖాళీకి వచ్చేసరికి తప్పు శోభదే అన్నట్టు వినిపించేది. అక్క గొంతును యంత్రంతో సరిచేసి కూడా చూసిందట నవత. “సక్కగైంది గని, అక్క కాలె,” అంది.

జహీర్ భాయ్ మూడు యంత్రాలు బల్ల మీద పెట్టాడు. ఒకటి పెద్దది, వంద గొంతులు దాచుకోగలదు. రెండోది చూడటానికి నాలాగే ఉంటుంది గాని లోపలంతా కంప్యూటర్ లెక్కలే. మూడోది నేను. నవత ఒక్కోదాని మీద ఒకే మీట నొక్కి, పాట ఎంతసేపు ఉంటుందో అంతసేపు పట్టుకుంది. మొదటి రెండూ కదల్లేదు. నేను లోపల కాగుతూ, సిగ్గుపడుతూ, పైకి జారాను.

“సచ్ చెప్తున్న, దానికి ఆ బీమారి ఉన్నది,” అన్నాడు జహీర్ భాయ్. “యాది గూడ ఉండది దానికి. పొద్దున పెట్టింది మాపటికి ఎవ్వడన్న తిప్పిండంటే ఖతం. ఆ పెద్దది తీస్కో తల్లీ.”

“ఇదే కావాలె,” అంది నవత.

ఎవరైనా ఒకరి జబ్బును చూసి ఇష్టపడటం అదే మొదటిసారి చూశాను.

జమ్మికుంటలో నవత గది వంటింటి పక్కనే. ఒక తీగతో నన్ను ల్యాప్‌టాప్‌కు కలిపింది. ఇక ఎవరి వేళ్లూ అక్కర్లేదు. ఏ స్వరం, ఎప్పుడు, ఎంతసేపు అని ల్యాప్‌టాప్ చెబితే నేను పలికేదాన్ని. శోభ గొంతు వచ్చేది, ఆగేది. ఆ ఖాళీలో నేను. మళ్లీ శోభ. రోజుకు ముప్పై నలభై సార్లు. ఒకే చోట ఊపిరి పీల్చేది, ఒకే చోట గాజులు చప్పుడయ్యేవి. దయ్యంలా మూలగడం నాకు అలవాటే. పోయిన మనిషికి బదులు పలకడం మాత్రం తెలియదు. ఆమె ఊపిరి పీల్చిన ప్రతిసారీ ఈసారి ఇంకేదైనా పాడుతుందేమో అనిపించేది. అదే పాడేది.

మొదట నేనూ నవతలాగే ఆ పాటను రాగంగానే విన్నాను. మాటలు తర్వాత వినిపించాయి.

“రాజవ్వ తెచ్చింది ఉయ్యాలో, ఏ పువ్వు తెచ్చిందో ఉయ్యాలో.”

రాజవ్వ అంటే వాళ్ల అమ్మ. శోభ ఒక్కో వరుసలో వాడకట్టులో ఒక్కొక్కరి పేరు పెట్టి పాడింది. ఐదో రోజో ఆరో రోజో ఆ వరుస వచ్చినప్పుడు వంటింట్లోంచి వినిపించింది.

“గుమ్మడి పువ్వు, బిడ్డా.”

నవత పాట ఆపింది. “అమ్మా! గమ్మునుండవా? పని చేసుకుంటున్న.”

“నేనేమన్ననే?”

పాటకు తాను జవాబిచ్చానని నిజంగానే రాజవ్వకు తెలియదు. చేతిలో గరిటెతో గడపలో నిలబడి చూసింది. నవత తలుపు దగ్గరగా వేసి, మళ్లీ మొదటినుంచి పెట్టింది. మూసిన తలుపు అవతలినుంచి కూడా ఆ వరుస దగ్గర ఆ మాట వినిపించేది. రోజురోజుకూ మెల్లగా.

పన్నెండో రోజున నవతకు కావలసిన గొంతు నాలో దొరికింది. పది మంది ఆడవాళ్లు కొంచెం దూరంలో, నోరు సగం తెరిచి పాడుతున్నట్టు ఉంది. శోభ జారినప్పుడల్లా నేనూ జారాను. నవత చేతులు ఒళ్లో పెట్టుకుని చివరిదాకా విన్నది. ల్యాప్‌టాప్‌లో సేవ్ నొక్కి, తెర మూసి, పడుకుంది.

ల్యాప్‌టాప్‌తో బతికేవాళ్లు చేసే పొరపాటు అది. సేవ్ నొక్కితే అన్నీ ఉంటాయని నమ్మకం. ల్యాప్‌టాప్ స్వరాలను రాసుకుంది. ఆ స్వరాలు పలికిన గొంతు నా నాబ్‌ల మీద తప్ప ఎక్కడా లేదు.

మర్నాడే పెత్రమాస, పోయినవాళ్లను తలుచుకునే అమావాస్య. నవత పూలకు పోయింది. రాజవ్వ పొద్దున్నే బూజు దులిపి, ఇల్లు కడిగి, శోభ పేరు చెప్పి బియ్యం, పప్పు, కూరగాయలు ఇచ్చింది. తర్వాత తడిబట్ట పట్టుకుని నవత గదిలోకి వచ్చింది. నా మీది దుమ్ము ఊదింది. మీటలు తుడిచింది. తర్వాత ఇరవై ఆరు నాబ్‌లూ ఒక్కొక్కటిగా తుడిచి, వాటి మీది గీతలన్నీ నిటారుగా పైకి చూసేలా ఓపిగ్గా తిప్పింది. అలమరలో గ్లాసులు సర్దినట్టే సర్దింది. ఆమె చెయ్యి మెత్తగా, వెచ్చగా ఉంది. పన్నెండు రోజుల పని ఒక్కొక్క వెంట్రుకవాసిగా నాలోంచి పోతుంటే నేను ఊరుకున్నాను. నన్ను ఎవరూ నొక్కలేదు కదా. చివరికి నా అంచు మీద చిన్న కుంకుమ బొట్టు పెట్టింది.

నవత తంగేడు, కట్ల పూల సంచితో వచ్చి చూసింది.

“అమ్మా, దీన్నెవరు ముట్టిన్రు?”

“నేనే తుడ్సిన. ఒకటి ఇటు, ఒకటి అటు, అంత గజిబిజి ఉండె. అన్ని ఒక్కతీరుగ సదిరిన.” తర్వాత ఆమె మొహం చూసి, “ఏమైందే? కరాబైందా?” అంది.

నవత సంచి కింద పడేసి ల్యాప్‌టాప్ తెరిచింది. సాయంత్రం దాకా నా మీద వంగి కూర్చుంది. తిప్పింది, విన్నది, మళ్లీ తిప్పింది. నేను ఏవేవో అయ్యాను. తుమ్మెదనయ్యాను, రైలు కూతనయ్యాను, ఒకసారి పాత సీరియల్ దయ్యాన్ని కూడా అయ్యాను. ఆ పది మంది ఆడవాళ్లు మాత్రం తిరిగి రాలేదు. రాజవ్వ గడపలో కూర్చుని పూలు పేర్చింది.

పొద్దు వాలుతుంటే పక్కింటి అంజవ్వ వచ్చింది.

“ఏమే నవతా, అక్క పాట పెడ్తనంటివి! ఆడోళ్లందరు జమైన్రు. మా కోడలైతే కొత్త చీర నలుగుతదని కూసుంట కూడ లేదు. జెల్ది రా.”

“కాలె పెద్దమ్మా. సగమే ఉన్నది.”

“సగముంటే సగమే పెట్టు. మాకు నోళ్లు లేవానే?”

నవత ల్యాప్‌టాప్‌లో నా స్వరాలన్నీ తీసేసింది. తాను కత్తిరించి పెట్టుకున్న పాటను కూడా పక్కన పెట్టి, ఫోన్‌లోంచి తెచ్చుకున్న అసలు పాట తెరిచింది. ల్యాప్‌టాప్ చేత పట్టుకుని, నన్ను చంకన పెట్టుకుని వీధిలోకి నడిచింది.

వీధి మధ్యలో బతుకమ్మలు పెట్టి, చుట్టూ ఆడవాళ్లు వలయంగా నిలబడి ఉన్నారు. స్పీకర్ పక్కన బల్ల వేశారు. ఉత్త గొంతు వీధిలో చిన్నబోతుందని, నవత నా మీద ఒక్క మీట నొక్కి పట్టుకుంది. సాదా శబ్దం, శ్రుతి కోసం. శోభ ఊపిరి పీల్చింది.

“అంజవ్వ తెచ్చింది ఉయ్యాలో, ఏ పువ్వు తెచ్చిందో ఉయ్యాలో.”

ఖాళీ వచ్చింది. చప్పట్లు ఒక్క క్షణం ఆగాయి. అంజవ్వ గొంతు సవరించుకుని, “గునుగు పువ్వు తెచ్చె ఉయ్యాలో,” అంది. అందరూ అందుకున్నారు. ఆ జవాబు సరిగ్గా ఆ ఖాళీ అంత పొడవే వచ్చింది. శోభ తర్వాతి పేరు పిలిచింది. అంజవ్వ కోడలు బంతిపువ్వు అంది. శోభ పైకి జారితే వాళ్లూ జారారు. నేనూ జారాను. ఎవరికీ తప్పుగా వినిపించలేదు. రాజవ్వ వంతు వచ్చింది. “గుమ్మడి పువ్వు బిడ్డా,” అంది. ఉయ్యాలో అనడం మరిచిపోయింది. మిగతావాళ్లు ఆమె కోసం అన్నారు.

శోభ నింపమని ఖాళీలు వదల్లేదు. అడిగి, జవాబు కోసం ఆగింది. పన్నెండు రోజులు నేను ఆమె మాటకు అడ్డం పడ్డాను.

చివరి వరుస వచ్చింది.

“మా చెల్లె తెచ్చింది ఉయ్యాలో, ఏ పువ్వు తెచ్చిందో ఉయ్యాలో.”

వలయమంతా బల్ల వైపు తిరిగింది. నవత వేలు నా మీట మీద బిగిసింది. ఆమె ఎన్నడూ ఆ వలయంలో ఆడలేదట. ఖాళీ గడిచిపోయింది.

అప్పుడు నేను అంతవరకూ వినని ముక్క వచ్చింది. నవత మొదటిరోజే కత్తిరించేసిన ముక్క. స్పీకర్‌లో శోభ నవ్వింది.

“చూసిన్రా, చెప్పది. సిగ్గు దానికి. చెప్పేదాక ఆగుదాం.”

ఆగింది. పాట లేదు. ఎక్కడో ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు, గాజు గాజుకు తగిలిన చప్పుడు. చనిపోయిన మనిషి వీధి మధ్యలో నిలబడి ఎదురుచూస్తున్నట్టే ఉంది. ల్యాప్‌టాప్ తెర మీద పాట గీత చివరికి జరుగుతోంది. ఇంకా కొంచెమే ఉంది.

“కట్లపువ్వు,” అంది నవత.

“ఊఁ,” అంది శోభ.

రికార్డింగ్ అయిపోయింది.

రెండేళ్ల కింద ఏం విని ఆమె ఊఁ అన్నదో నాకు తెలియదు. ఆ రోజు ఎదురుగా ఫోన్ పట్టుకున్నది నవతే. ఆమెకు తెలిసే ఉంటుంది.

అంజవ్వ చప్పట్లు అందుకుంది. “కట్లపువ్వు తెచ్చె ఉయ్యాలో.” వలయం కదిలింది. నవత నా మీద స్వరం ఆగకుండా పట్టి ఉంచే హోల్డ్ బటన్ నొక్కి, వేలు తీసి, బల్ల దాటి వెళ్లింది. రాజవ్వకూ అంజవ్వకూ మధ్య చోటు చేసుకుంది. మొదటి రెండు అడుగులు తప్పు వేసింది.

బల్ల మీద నేనొక్కదాన్నే. నా మీద ఎవరి చెయ్యీ లేదు. అయినా పలుకుతూనే ఉన్నాను, కొంచెం కొంచెం పైకి జారుతూ.