పదకొండు గల్లీల పిలుపు

కోసేసిన నాలుగు వందల పన్నెండు నమ్మకం పాయింట్లూ తిరిగి ఇచ్చేశాంగా, ఇంకేం కావాలి ఆమెకు, అనుకుంటూనే హారతి కోసాడ్ క్వార్టర్ల మెట్లు ఎక్కుతోంది, ఆ సంగతి ఫోన్లో చూపించి వెళ్లిపోదామని, సూరత్‌లో మగ్గాల మీద బతికే తెలుగువాళ్లు గదులూ పనులూ సంబంధాలూ వెతుక్కునే మన గల్లీ అనే ఫోన్ వేదికకు కాపలా కాసే నలుగురు అడ్మిన్లలో తనొకతె, అందులో వెంకటవ్వ పేరు పక్కన మోసగాళ్లకు పెట్టే ఎర్ర గుర్తు పొద్దున తీసింది తనే, పన్నెండు రోజుల కిందట పెట్టిందీ తనే, జోల్వా కార్ఖానాలో చీరలు మడతపెడుతూ, ఒకే మాట పదకొండు గల్లీల పేజీల్లో ఉందని వేదిక మిషిన్ చూపింది, కింద ఫోన్ నంబరు, మోసగాళ్లు చేసేది అచ్చం ఇదే కదా అని చదవకుండానే నొక్కేసింది, చదివి ఉంటే తెలిసేది, మా ఇంటాయన దినాలు శుక్రవారం, అందరు రావాలె అని, ఒక గల్లీని పిలిచి ఇంకో గల్లీని మరిస్తే మమ్ముల మనుషుల లెక్క చూడలే అని ఏడాదిదాకా మాట్లాడరు మనవాళ్లు, అందుకే ఆమె గడప గడపకూ తిరిగినట్టు పేజీ పేజీకీ తిరిగింది.

ఈ వేదిక పెట్టిన గోపాలన్న పొద్దున ఫోన్లో అననే అన్నాడు, గుర్తు తీసెయ్ చెల్లె, పాయింట్లు ఇచ్చెయ్, తప్పయిందని మాత్రం రాయకు, రేపు నిజం మోసగాడు గూడ నన్ను గిట్లనే పట్టిండ్రని నెత్తికెక్కుతడు, ఆ మాట సబబుగానే తోచింది, వెంకటవ్వ తలుపు తీసేదాకా.

ఎవలింటి పిల్లవే బిడ్డా, అందామె, హారతి ఫోను ముందుకు చాపింది, నీ పాయింట్లన్ని వచ్చినయవ్వా, పాయింట్లా, వాటితోటి చారు కాసుకోవాల్నా, అని ఆమె నవ్వింది, గోడవారన విప్పని విస్తరాకుల కట్టలు, నూటయాభై మందికి వండిపిస్తే పదారు మంది వచ్చిండ్రు, ఎవలింట్ల చావైనా పాడె మోసినోడు బిడ్డా ఆయన, ఆయన బువ్వకాడికి రానీకి మంది భయపడ్డరు, ఆ నంబర్ నొక్కితే పైసలు పోతయట, మోసగాళ్ల పట్టికల నీ పేరున్నదట గదా వదినె అని బుచ్చిరాములు పెండ్లాం నా మొకం మీదనే అడిగింది, పెట్టిందెవలో తెల్వది, అడ్మిన్ అని ఉన్నదట, మిషినే పెట్టిందంటున్రు, నిజమేనా?

అవునంటే చాలు, మెట్లు దిగి వెళ్లిపోవచ్చు, మిషిన్ అనుమానం చూపించింది నిజమే, కానీ నొక్కిన బొటనవేలు ఇదిగో, ఈ చేతికే ఉంది, గుర్తు పెట్టినప్పుడు నాలుగు వేల ఫోన్లు మోగాయి, తీసినప్పుడు ఒక్కటీ మోగలేదు, రాస్తే గోపాలన్న తనను తీసేస్తాడు, కార్ఖానాలో నవ్వుతారు, సోమలింగం బిడ్డ చచ్చినోని బువ్వ చెడగొట్టిందట అని నాన్న ముఖం మీదే అంటారు, అననీ, ఎవరో ఒకరిని అనకుండా ఈ మచ్చ ఊరికే గాలిలో కలిసిపోదు కదా, ఇంకొకరు మీదేసుకుంటేనే అది ఈమె మీంచి దిగేది, మిషిన్ కాదవ్వా, అంటున్న గొంతు తనదేనని ఆలస్యంగా తెలిసింది, నేనే, సోమలింగం బిడ్డను, హారతిని, ఇప్పుడు ఇదే మాట నా పేరుతోనే నాలుగు వేల మందికి రాస్త, నువ్వు చూస్తుండు.