కౌంటర్‌కి ఇటువైపు

పొద్దున్నే టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, టోకెన్ పిన్ని ముందు గదిలో తన మెషిన్ దగ్గర చేరుతుంది. పాత బీరువా చెక్కలు కోసి సొంతంగా చేసుకున్న ఆటల మెషిన్ అది. లోపల ఎవరో పారేసిన కంప్యూటర్ తెర, ముందు జాయ్‌స్టిక్, నాలుగు ఎర్ర బటన్లు. ఇక మిగిలిందల్లా నెత్తిన వెలగాల్సిన పేరుబోర్డు. దానికి బొమ్మ తనే వేసి, పల్చటి కాగితం మీద ప్రింటు తీయించింది. కౌంటర్ వెనక కూర్చున్న ఒక ఆడమనిషి, చేతిలో టోకెను, పైన ఇంతింత అక్షరాలతో ‘నా వంతు’. వెనక ట్యూబులైటు ఉంది, మధ్యలోకి బొమ్మ ఉంది. ముందు బిగించడానికి పల్చగా, అవతలిది స్పష్టంగా కనబడే షీటు ఒక్కటే దొరకాలి.

ఆ రోజు పిన్ని వాళ్లన్నయ్య టేపు పట్టుకుని గదిలోకొచ్చాడు. వెంట, గది అద్దెకి అడిగిన ఒక టైలరు. ఇద్దరూ గది కొలిచారు. టేపు పిన్ని మోకాళ్ల మీదుగా పోయింది.

“ఈ కుర్చీ ఎవరు పెట్టారిక్కడ?” అని అన్నయ్య విసుక్కున్నాడు. కుర్చీలో పిన్ని కూర్చునే ఉంది.

ఇందులో వింతేమీ లేదు. ఏళ్ల తరబడి కౌంటర్ ముందుండే షీటు వెనక కూర్చున్నవాళ్లకి అలా అవుతుందని అందరికీ తెలుసు. పిన్ని పడుచుదనమంతా ఒక గేమ్ సెంటర్‌లో టోకెన్ల కౌంటర్ వెనక గడిచింది. వచ్చినవాళ్ల చూపులు షీటుని దాటి, ఆమెని దాటి, వెనకాల మెరిసే మెషిన్ల మీద పడేవి. అలా దాటించెయ్యడం షీటుకి అలవాటైంది, షీటు నుంచి పిన్నికి అంటుకుంది. సెంటరు మూతపడ్డా ఆ అలవాటు మాత్రం ఆమె వెంటే ఇంటికొచ్చి తిష్ఠ వేసింది.

“ఆదివారం కుట్టు మిషన్లు తెచ్చేసుకుంటానండీ” అన్నాడు టైలరు.

“ఈలోగా ఈ చెక్కల డబ్బా పాతసామాన్లవాడికి ఇచ్చేస్తాలే” అన్నాడు అన్నయ్య.

పిన్ని లేచి నిలబడింది. “అన్నయ్యా, ఈ ఇల్లు నాన్న మనిద్దరికీ రాశాడు. ఈ గది నేను ఇవ్వను.”

అన్నయ్య తల పైకెత్తి చూశాడు. “ఈ ఫ్యాను ఒకటి, ఊరికే గొణుగుతోంది. బాగు చేయించాలి” అన్నాడు.

పిన్నికి ఒళ్లు మండిపోయింది. ఒకప్పుడైతే వంటింట్లోకెళ్లి ఏడ్చి మొహం కడుక్కునేది. ఆ ఓపిక అయిపోయింది. సంచీ తీసుకుని తిన్నగా గాజు, ప్లాస్టిక్ షీట్లు అమ్మే కొట్టుకి నడిచింది.

షీట్ల కొట్టాయన పగలల్లా అద్దాల మధ్య మసిలే మనిషి. అద్దానికి అవతల ఎవరున్నారో చూసుకోకపోతే మూతి పగులుతుంది కాబట్టి పిన్నిని ఇట్టే చూశాడు.

“ఇదివరకు ఎక్కడ నిలబడ్డ షీటు కావాలమ్మా?”

“ఎక్కడిదైనా సరే. పేరుబోర్డుకి.”

ఆయన ఒక్కొక్కటే లాగి చూపించాడు. ఒకటి బిస్కెట్ల కొట్టు ముందుది. చూడగానే పిన్నికి నోట్లో నీళ్లూరాయి, పక్కన పెట్టించింది. ఇంకోటి ఆస్పత్రి విచారణ కిటికీది. దాని ముందు నిలబడగానే, రేపు వద్దామా అనిపించింది. మూడోది కాలేజీలో పరీక్ష ఫలితాలు అంటించే బోర్డుది.

“దీంట్లో ఎవడి పేరు వాడు వెతుక్కుంటాడు. మీ బోర్డు చదివేవాడుండడు” అని ఆయనే వెనక్కి తోసేశాడు.

“గాజు?”

“పల్చటి గాజు బటన్లు బాదే చేతుల దగ్గర ఎన్నాళ్లుంటుంది? పోనీ కొత్త ప్లాస్టిక్ షీటు తీసుకోండి. ఏ అలవాటూ లేదు.”

పిన్ని కొత్తదాన్ని ఒక మూల పట్టుకుని ఎత్తింది. తడి తువ్వాలులా వేలాడింది. “ట్యూబులైటు వేడికి వారంలో నడుం వాలుస్తుంది ఇది” అంది.

అప్పుడు కనబడింది, గోడ వారన. కింద అంచులో అరచెయ్యి పట్టే కన్నం. ఆ కన్నంలోంచి ఆమె ఇచ్చిన టోకెన్లు బస్తాలకి ఎత్తొచ్చు.

“అది మాత్రం వద్దమ్మా! సెంటరు మూసినప్పుడొచ్చింది. దాన్ని ఎవరూ చూడరు, దాటి చూస్తారు. నేనే రెండుసార్లు గుద్దుకున్నాను. మీ బొమ్మ మీద పెడితే బొమ్మ కూడా కనబడదు.”

పిన్ని షీటుని వెలుతురులోకి లాగి వేలితో రాసి చూసింది. ఒకవైపు గరుగ్గా ఉంది. తొందరపడ్డవాళ్లు చిల్లరతో టకటకా కొట్టిన గీతలు. రెండోవైపు నున్నగా, నీళ్లలా ఉంది.

“గీతలున్నది వాళ్లవైపు. నేను కూర్చున్నది ఇటువైపు. అటునుంచి నన్నెవరూ చూడలేదు, ఒప్పుకుంటాను. ఇటునుంచి నేను చూడలేదా? ఎవడు ఓడిపోయి ఏడుపు మింగుతున్నాడో, ఎవడు ఆఖరి టోకెను చెల్లెలికిచ్చి గెంతులేస్తున్నాడో అందర్నీ చూశాను. ఆ చూపంతా ఎక్కడికి పోతుంది?”

“అయితే?”

“ఇటువైపు బయటికి పెడతాను.”

“కౌంటర్ షీటుని ఎవరూ అలా తిప్పి పెట్టరమ్మా.”

“నేను పెడతాను. కొయ్యండి!”

ఆయన రెండువైపులా కాగితం అంటించి, ఏవైపు ఏదో పెన్సిలుతో గుర్తుపెట్టి, కన్నం ఉన్న కింది భాగం వదిలేసి పైనుంచి బారుగా ఒక ముక్క కోసిచ్చాడు.

పిన్ని ఇంటికొచ్చి బొమ్మని ట్యూబులైటు ముందు పరిచింది. గీతల వైపు బొమ్మకి ఆనించి, నున్నటి వైపు గదిలోకి తిప్పి, పైనా కిందా సన్నటి రేకులతో పట్టించింది. వేడికి షీటు సాగితే పగలకుండా స్క్రూలు కాస్త వదులుగానే బిగించింది. కాగితం ఒలిచి స్విచ్ వేసింది.

తడిబట్టల బకెట్‌తో గది దాటుతున్న వదిన టక్కున ఆగిపోయింది. బోర్డు వైపు చూసి, అప్రయత్నంగా చెదిరిన జుట్టు సర్దుకుంది.

“ఏం చేస్తున్నావు అమ్మాయ్? పొద్దున్నుంచీ కనబడనేలేదు” అంది.

“ఇక్కడే ఉన్నాను వదినా. ఆడతావా?” అని పిన్ని ఒక టోకెను ఆమె చేతిలో పెట్టింది.

“ముందు ఇవి ఆరేసి వస్తా” అని వదిన టోకెను కొంగున ముడేసుకుంది. ఆ ఆరెయ్యడం తరవాత వంట వచ్చింది, వంట తరవాత ఇంకేదో వచ్చింది. టోకెను కొంగునే ఉండిపోయింది.

ఆదివారం టైలరు తోపుడుబండి మీద కుట్టు మిషన్లతో వచ్చాడు. గుమ్మంలో అడుగుపెట్టి బోర్డు వంక చూశాడు. బోర్డులోంచి ఎవరో తనని నిదానంగా, తిన్నగా చూస్తున్నట్టు అనిపించి మెడలో టేపు తీసి జేబులో పెట్టుకున్నాడు. కళ్లు దించితే ఎదురుగా పిన్ని.

“అమ్మా, గది మీదా? నాకెవరూ చెప్పలేదు. మీరు ఒప్పుకున్నారా మరి?”

అన్నయ్య నోరు తెరిచేలోపే పిన్ని అంది, “ఒప్పుకోలేదు. ఒప్పుకోను కూడా. వీధి చివర మందుల షాపు పక్కన గది ఖాళీగా ఉంది, అక్కడ అడుగు బాబూ.”

టైలరు దండం పెట్టి బండి తిప్పుకున్నాడు.

అన్నయ్య కోపంగా మెషిన్ వైపు తిరిగాడు. చూపు బోర్డుని దాటించి గోడ మీదికి పోనిద్దామని చూశాడు, కుదరలేదు. అది బోర్డు మీదే ఆగింది, అక్కణ్ణుంచి చెల్లెలి మీదికి జారింది. సిగ్గేసింది అతనికి, నిజంగా సిగ్గేసింది.

“నీ జుట్టు ఎప్పుడు తెల్లబడిందే?” అన్నాడు.

“నువ్వు చూడనప్పుడు.”

“గది ఇవ్వనని ముందే ఒక మాట చెప్పొచ్చుగా.”

“చెప్పాను. ఫ్యాను అనుకున్నావు.”

అన్నయ్య ఏం చెయ్యాలో తోచక ఎర్ర బటన్ మీదికి చెయ్యి పోనిచ్చాడు. పిన్ని ఆ చెయ్యి పట్టి ఆపింది.

“టోకెను?”

“ఇంట్లోవాడిక్కూడానా?”

“అందరికీ.”

ఆమె ఇచ్చిన టోకెను పుచ్చుకుని అతను ముందుకి వంగేసరికి, వంటింట్లోంచి వచ్చిన వదిన కొంగు ముడి విప్పుతూ మధ్యలో దూరింది.

“వెనక్కి జరగండి. మీకంటే ముందు నేనొచ్చాను” అంది.

అన్నయ్య పిన్ని వంక చూశాడు. పిన్ని వేలితో చోటు చూపించింది. అతను వెళ్లి పెళ్లాం వెనక లైన్లో నిలబడ్డాడు.