పది డబ్బాలు, మూడు జతల చేతులు

ఇస్తారి పింగాణీ గిన్నెలను ఒక్కొక్కటే తుడిచి కాంటా పక్కన వరుసగా పెడుతున్నాడు. ఒక్కో గిన్నెలో గ్రాము బొగ్గుపొడి తూచి, ఫర్నేసులో కాల్చి, మిగిలిన బూడిదను మళ్లీ తూచాలి. చంద్రపూర్‌లోని ఆ చిన్న ప్రైవేటు ల్యాబులో ఇరవై రెండేళ్లుగా అతని పని ఇంతే. వేళ్ల గీతల్లో నలుపు ఇంకిపోయింది. ఎన్ని సబ్బులు అరగదీసినా అది పోలేదు, చివరికి అతనే ఊరుకున్నాడు.

ఆ రోజు పరీక్ష మనుషులకు. పద్మాపూర్ గని బొగ్గులో బూడిద లెక్క రోజుకో రకంగా వస్తోంది. తేడా కాంటాదా, పొడిదా, చేతులదా తేల్చడానికి యజమాని తరఫున శ్రేయస్ వచ్చాడు. ఊళ్లోని తెలుగు వ్యాపారుల ఇంటి పిల్లాడే, నాగపూర్‌లో ఇంజనీరింగ్ చదివాడు. పది డబ్బాల పొడిని ల్యాబులో పనిచేసే ఇస్తారి, ఉజ్వల, సచిన్ ముగ్గురూ రెండేసి సార్లు పరీక్షించాలి. తేడా ఎవరి చేతిలో ఉందని తేలితే వాళ్లకిక పని ఉండదు. ఆ ముక్క శ్రేయస్ అనలేదు గానీ, వాచ్‌మన్‌కి కూడా తెలుసు.

ఉజ్వల దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"కాకా, ఇయ్యాల డబ్బ కలపకు. నేను, సచిన్ రెండుపార్లూ పైపైననే తీసినం. నువ్వు గూడ గట్లనే తియ్యి, ముగ్గురిదీ ఒక్కతీరుగ వస్తది."

"బొగ్గుల రాయిపొడి బరువు బిడ్డా, అడుగుకు పోతది. పైన తీస్తే బూడిద తక్కువొస్తది."

"వస్తే రానీ. నీ పని నీకుంటది."

సరేనన్నాడు. అలాగే చేద్దామని నిజంగానే అనుకున్నాడు. యాభై ఆరేళ్ల మనిషిని ఇంకెవరు పెట్టుకుంటారు? మొదటి డబ్బా మూత తీసి, చెంచాతో పైపొర తీశాడు. గ్రాము సరిగ్గా తూగింది. గిన్నెను ఫర్నేసు దాకా తీసుకెళ్లి వెనక్కి తెచ్చాడు. తర్వాత ఆ పొడిని తిరిగి డబ్బాలో పోసి, మూత బిగించి, తలకిందులు చేసి, అడుగు నుంచి బాగా కలిపాడు. ఇంకోలా చేయడం అతని చేతులకు రాదు. ఆ చేతుల మీద అతనికే కోపం వచ్చింది. మిగతా తొమ్మిదీ అలాగే కలిపాడు.

సాయంత్రం శ్రేయస్ లాప్‌టాప్ అతని వైపు తిప్పాడు. ఉజ్వల గీత, సచిన్ గీత ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఇస్తారిది వాటికి పైన, విడిగా ఉంది. అతని రెండు విడతలూ అచ్చు ఒకేలా ఉన్నాయి. అయినా ఇద్దరి ముందు ఒక్కడి లెక్క ఎక్కడ నిలుస్తుంది?

"డబ్బ కలపాలె సార్," అన్నాడు ఇస్తారి. "ఒక్కపారి వీళ్లతోని కలిపిచ్చి సూడుండ్రి."

"కలపమని పద్ధతి రాసిన కాగితంల లేదు కాకా. తేడా నీ చేతిల ఉన్నది." శ్రేయస్ గొంతులో కోపమేమీ లేదు. "రేపటి సంది రాకున్నా నడుస్తది."

ఉజ్వల నేల చూపులు చూసింది. ఆమెకూ ఇద్దరు పిల్లలు.

ఇస్తారి గిన్నెలన్నీ కడిగి బోర్లించి, తన ఊరు విరూర్ వెళ్లే రైలుబండి వేళవుతోందని వెళ్లిపోయాడు. అతను ల్యాబులో తొడుక్కునే రబ్బరు చెప్పులతోనే వెళ్లాడని ఉజ్వల ఇంటికి బయల్దేరేటప్పుడు గమనించింది. గుమ్మం పక్కన అతని తోలు చెప్పులు గోడవారగా ఉన్నాయి, కుడిదాని మడమ ఎడమదానికంటే కాస్త ఎక్కువ అరిగి.