శుక్రవారం పెట్టిన తిండి

చావాల్సిన కణాలు చావలేదు.

కైసు మైక్రోస్కోప్‌కి కన్ను ఆనించి మళ్లీ చూసింది. డిష్ అడుగున కాలేయపు కణితి కణాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిక్షేపంగా ఉన్నాయి. గురువారం వాటికి మందు పోసింది. పెరగమని కబురు మోసే ప్రొటీన్ నోరు నొక్కేస్తుంది ఆ మందు. కబురు అందని కణం తనను తానే చంపుకుంటుంది. ఇన్నాళ్లూ అలాగే జరిగింది. ఈ మధ్యాహ్నం ప్రొఫెసర్ హెల్వి ముందు నిలబడి, ఈ మందొక్కటే చాలు, రోగుల మీద పరీక్షకు పంపుదామని అడగాలి. ఇన్నేళ్ల శ్రమకు అదే ఫలం.

ఆమె విసురుగా కాఫీ గదిలోకి వెళ్లింది. తోటి పరిశోధకుడు తాపియో దాల్చినచెక్క బన్ను నములుతున్నాడు.

“శుక్రవారం వంతు నీదేగా? నా డిష్‌లు ముట్టుకున్నావా?”

“ముట్టుకోక? వంతు వచ్చినవాడు అందరి కణాలకీ తిండి పెట్టాకే ఇంటికెళ్లాలి. రూలు పెట్టింది నువ్వే తల్లీ!”

“మందు పారబోశావా?”

“లేదు, మూత మీద మందు పేరు చూశాను. సీరం మాత్రం కలిపాను. పాపం, ఆకలితో మాడుతున్నాయి.”

“కావాలనే మాడ్చాను! వేరే కబుర్లేవీ అందకూడదని!”

“ఆ ముక్క మూత మీద రాయొచ్చుగా?”

రాయలేదు. గురువారం సాయంత్రం తుర్కు రేవు నుంచి తానుండే దీవికి వెళ్లే ఆఖరి పడవ అందుకోవాలన్న తొందరలో మరిచిపోయింది.

“నా తప్పూ ఉందిలే,” అన్నాడు తాపియో గొంతు తగ్గించి. “డిష్ పాడైందని పారేయ్. పాత ఫొటోలు చూపించు. నేను నోరెత్తను.”

కైసు మనసులో లెక్క వేసుకుంది. మందు డిష్‌లోనే ఉంది. అయినా కణాలు బతికాయి. సీరంలోని కబురు ఇంకో దారిన లోపలికి చేరిందన్నమాట. సీరం వచ్చేది రక్తం నుంచే. రోగి ఒంట్లో ఆ కణితిని పస్తు పెట్టేదెవరు?

మధ్యాహ్నం ఆమె చచ్చిన కణాల ఫొటో, బతికిన కణాల ఫొటో పక్కపక్కనే పెట్టింది.

“అయితే మందు పనిచేయదా?” అంది హెల్వి.

“ఒక్కటే అయితే చేయదండీ. రెండో దారీ మూయాలి. అదేదో ఇంకా తెలీదు.”

“మరి పరీక్షకి?”

“ఇప్పుడు పంపొద్దు.”

హెల్వి తలూపి వెళ్లిపోయింది. కైసు కుర్చీలో కూలబడింది. తాపియో సగం బన్ను ఆమె ముందుకు తోశాడు.

“తిను. పస్తు పెట్టమని నీ మీద కూడా రాసి లేదు.”