చేతులు మాత్రం చాలు

"కదలకండి, ఆమ్ చిమీ. చేతులు మాత్రం చాలు."

మేరెట్ మేడం వంటింటి గడప దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, ఫోను నా ఒళ్ళోని గిన్నెకి గురిపెట్టింది. మర్నాడు మా ఇంట్లో లోచే. ఏడాదికోసారి ఇంటిల్లిపాది క్షేమం కోసం భిక్షువులను పిలిచి చేయించే పూజ అది. నేను వెన్న దీపాల గిన్నెలు తోముతున్నాను. అడుగున మాడిన వెన్న ఊరికే ఊడదు. వేడినీళ్ళు పోసి, బూడిద అద్దిన గుడ్డని బొటనవేలికి చుట్టి లోపల తిప్పుతూ ఉండాలి. నేను కదలలేదు. ఏడాదిగా నాకది అలవాటే.

మేడం నార్వే మనిషి. భూటాన్‌కి, పారోలో మా ఊరి బడిలో పాఠాలు చెప్పడానికి వచ్చి, మా ఇంటి కింది వాటాలో అద్దెకి దిగింది. మా అమ్మమ్మ కాలంలో అక్కడ ఆవులుండేవి. ఆ సంగతి చెప్తే నవ్వి నవ్వి, గుమ్మాన్ని ఫోటో తీసి దాని కింద అదే రాసుకుంది. వచ్చిన కొత్తలోనే తనతో తను పందెం వేసుకుంది. రోజుకొక ఫోటో తియ్యాలి, దాని కింద ఒక్క వాక్యం రాయాలి, ఏడాదిపాటు ఒక్క రోజూ తప్పకూడదు. పరాయి నేల మీద తన బతుకు ఎలా ఉందో అక్కడ తనవాళ్ళు చూస్తారట. జ్వరం వచ్చిన నాడు కూడా దుప్పటి లోంచి చెయ్యి బయటపెట్టి, నేను తెచ్చిన గంజిని ఫోటో తీసింది. పందెం అంటే పందెమే మరి.

ఆడవాళ్ళని 'ఆమ్' అని గౌరవంగా పిలవడం తొందరగానే వచ్చింది కానీ, మా మిగతా పద్ధతులు ఆమెకి పట్టుబడటానికి కొంతకాలం పట్టింది. మా ఇళ్ళలో వడ్డించడానికి ఎవరైనా వస్తే ముందు వద్దనాలి. కప్పుకి చెయ్యి అడ్డం పెట్టాలి. మళ్ళీ అడిగాకే తీసుకోవాలి. పాపం మేడం, నేను వద్దనగానే నిజంగానే వద్దేమో అనుకుని టీ కెటిల్ వెనక్కి పట్టుకుపోయేది. పెన్‌జోర్ పొట్ట పట్టుకుని నవ్వేవాడు. పెన్‌జోర్ నా భర్త. మగవాళ్ళు ఒక్కసారి వద్దని ఊరుకుంటారు. నాకు మా అమ్మ చిన్నప్పుడే చెప్పింది: "అడిగీ అడగ్గానే అందుకుంటే ఆకలి మొహం అనుకుంటారు. ఇంకోసారి వద్దను. ఆడపిల్లవి." అలా వద్దని వద్దని, కొన్నిసార్లు నిజంగానే టీ నా దాకా రాకుండా అయిపోయేది.

ఆ సాయంత్రం మేడం నన్ను కిందికి పిలిచింది. "రేపటితో ఏడాది నిండుతుంది. మొత్తం మీరే ముందు చూడాలి, ఆమ్ చిమీ" అని కంప్యూటర్ తెరిచింది. ఏటి మీద వంతెన, ఇంటి కప్పు మీద ఎండుతున్న ఎర్ర మిరపకాయలు, గురిపెట్టిన విల్లుతో పెన్‌జోర్, బడి ముందు వరసలో మా అబ్బాయి నామ్గే. ఒక్కొక్కటీ వస్తుంటే నాకు సంతోషంగా ఉంది. మా ఊరు ఇంత బాగుంటుందని నాకు తెలియదు. పెన్‌జోర్ ఫోటో కింద 'మా ఇంటి యజమాని' అని రాసింది. ఆ మాటకి కూడా నవ్వొచ్చింది. ఇల్లు మా అమ్మ నుంచి నాకు వచ్చింది. మా వైపు ఇల్లూ పొలమూ కూతురికే వస్తాయి. పెళ్ళయ్యాక పెన్‌జోరే తన పెట్టె పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

నడుమ నడుమ నేనూ ఉన్నాను. పిండి కలుపుతున్న చేతులు. మిరపకాయల తొడిమలు తుంచుతున్న వేళ్ళు. కూర గిన్నె మీద ఆవిరి, ఆ ఆవిరి వెనక నేను ఒంటికి చుట్టుకునే కీరా బట్ట అంచు. కట్టెల మోపు, దాని కింద రెండు కాళ్ళు.

"నా మొహం ఎక్కడుంది మేడం?" అని అడిగాను. ఊరికే అడిగాను.

మేడం వెనక్కీ ముందుకీ జరుపుతూ వెతికింది. చాలాసేపే వెతికింది. "మీ చేతులంటే మావాళ్ళకి చాలా ఇష్టం" అంది చివరికి, మెల్లగా. "రోజూ అడుగుతారు వాటి గురించి."

అప్పుడు వచ్చింది కిందటేడు లోచే నాటి ఫోటో. మా దేవుడి గది. భిక్షువులు, వాళ్ళ ముందు డోలు, దీపాలు, ఎదురుగా బొంత మీద పెన్‌జోర్, అతని పక్కన మోకాళ్ళ దాకా వచ్చే కొత్త గో అంగీ తొడుక్కున్న నామ్గే, ఇరుగుపొరుగు మగవాళ్ళు, పక్కింటి అంగే. ఆ ముసలావిడ ఎవరింట్లో పూజైనా జపమాల తిప్పుతూ ముందే కూర్చుంటుంది. కింద ఒక్క వాక్యం: 'నా భూటాన్ కుటుంబం అంతా.'

నేను ఆ ఫోటోలో నాకోసం వెతికాను. తలుపు పక్కన, కెటిల్ అందిస్తున్న మణికట్టు ఒకటి ఉంది. నా పగడం గాజుని బట్టి నేనే అని పోల్చుకున్నాను. సరే, ఎప్పుడూ ఉన్నదే అనుకున్నాను. కానీ ఆ మణికట్టు వెనక, సగం చీకట్లో, కప్పుల పళ్ళెం పట్టుకుని ఇంకో చిన్న మణికట్టు ఉంది. అది మా అమ్మాయి ఛోకిది. అప్పటికి దానికి పన్నెండేళ్ళు. దానికంటే నాలుగేళ్ళు చిన్నవాడు, నామ్గే, లోపల బొంత మీద ఉన్నాడు.

నేను పైకి వచ్చాను. మిగిలిన గిన్నెలు తోముతూ కూర్చున్నాను. నాకు భక్తి లేక కాదు. రోజూ ఎవరూ లేవకముందే దేవుడి గదిలో నీళ్ళ గిన్నెలు నింపేది నేనే, సాయంత్రం వాటిని బోర్లించేదీ నేనే. కానీ నా ఇంటి లోచేని మొదటి నుంచి చివరి దాకా నేను ఒక్కసారీ వినలేదు. డోలు మోగితే అన్నం దింపే వేళయిందని తెలుసు. బూర ఊదితే టీ పట్టుకెళ్ళాలని తెలుసు. ఆ రెండింటి మధ్య వాళ్ళు ఏం చదువుతారో తెలియదు. అమ్మని ఒకసారి అడిగాను, దీపం వెలిగించినవాళ్ళకీ గిన్నె తోమినవాళ్ళకీ పుణ్యం ఒకేలా వస్తుందా అని. "వండి పెట్టినదానికీ పుణ్యమే. వచ్చే జన్మలో మగపుట్టుక ఇమ్మని వేడుకో" అంది అమ్మ. వేడుకున్నాను కూడా, చాలా ఏళ్ళు. ఇప్పుడు గిన్నె లోపల బొటనవేలు తిప్పుతుంటే ఒక సందేహం వచ్చింది. అందరూ మగవాళ్ళుగా పుడితే వచ్చే జన్మలో ఈ గిన్నెలు తోమేదెవరు? బుద్ధుడు దీనికి కోపగించుకోడనే అనుకుంటున్నాను. ఆయన చాలా ప్రశ్నలు విన్నాడు.

రాత్రి అన్నాల దగ్గర చెప్పాను. "రేపు నేనూ ఛోకీ దేవుడి గదిలో కూర్చుంటాం. మొదటి నుంచి చివరి దాకా."

పెన్‌జోర్ ముద్ద నోటి దగ్గర ఆపాడు. "మరి వంట?"

"నువ్వు చెయ్యి."

"నేనా? భిక్షువులు ఆకలికి చచ్చిపోతే ఆ పాపం ఎవరికి?"

"విల్లు పోటీల్లో నీ మాంసం కూర తిన్నవాళ్ళెవరూ చావలేదుగా. జట్టంతా ఇప్పటికీ చెప్పుకుంటారు."

"అది మైదానం, చిమీ. ఇది ఇల్లు."

"ఇంట్లో కూడా మంట పైకే లేస్తుంది."

నామ్గే కిసుక్కుమన్నాడు. పెన్‌జోర్ చెడ్డవాడు కాడు. తాగి అరవడు, చెయ్యెత్తడు. అతని దగ్గర ఒక మాట ఉంది, అదే తీశాడు. "ఇల్లు నీ పేరున ఉంది. పొలం నీ పేరున ఉంది. నేనే నీ ఇంట్లో ఉంటున్నా. ఇంకా ఏం తక్కువైందే నీకు?" పెళ్ళైనప్పటి నుంచీ ఈ మాట వింటున్నాను. నిజమే కదా, నా పేరునే ఉంది కదా అని లేచి కంచాలు తీసేదాన్ని. ఆ రాత్రి కంచాలు తియ్యలేదు.

"నా పేరున ఉన్న ఇంట్లో, నా పేరున చేసే పూజలో, ఒక్కసారి కూర్చుంటానంటున్నాను. అంతే."

"పోనీ, పక్కిళ్ళ ఆడవాళ్ళని పిలుద్దాం సాయానికి."

"అప్పుడు ఈ గడప దగ్గర వాళ్ళ చేతులుంటాయి."

అతనికి అర్థం కాలేదు. నాకు అర్థమైంది, చాలు.

పొద్దున పెట్టెలోంచి నా రాచు తీశాను. పూజలకి భుజం మీద వేసుకునే ఆ ఎర్ర పట్టీ ఏడాదికేడాది మడతల్లోనే నలిగిపోయింది. ఛోకికి నా పాతది వేశాను. మేము లోపలికి వెళ్ళి బొంత మీద కూర్చుంటే లోపెన్ గారు, పూజ నడిపించే పెద్ద భిక్షువు, పుస్తకం మీంచి తలెత్తి ఒకసారి చూసి, తమలపాకు బుగ్గన పెట్టుకుని మళ్ళీ తలదించుకున్నారు. అంగే ఊరుకోలేదు. "ఏమే చిమీ, ఒంట్లో బాగాలేదా? ఇక్కడ కూర్చున్నావేం?"

"బాగానే ఉంది అంగే. అందుకే కూర్చున్నా."

పూజ మొదలైంది. వినడం కూడా కష్టమేనని అప్పుడు తెలిసింది. చెవులు డోలు మీద ఉన్నా, మనసు గోడకవతల గిన్నెల చప్పుడు మీదే ఉంది. ఏదో కిందపడింది. ఎవరో "ఉప్పెక్కడ, ఉప్పు" అంటున్నారు. అది పెన్‌జోర్ జట్టులోని స్నేహితుడి గొంతు. నా మోకాళ్ళు వాటంతటవే లేవబోయాయి. ఛోకి నా వైపు చూసింది. నేను లేస్తే అదీ లేస్తుంది, కప్పుల పళ్ళెం కోసం. నేను కాళ్ళు కిందికి మడిచి వాటి మీద బరువుగా కూర్చున్నాను.

బూర ఊదారు. టీ రావాలి. రాలేదు. మళ్ళీ ఊదారు. అప్పుడు వచ్చాడు పెన్‌జోర్, చెమటలు కక్కుతూ, కెటిల్ పట్టుకుని. లోపెన్ గారి కప్పులో పోశాడు. మా వెన్న టీ గులాబీ రంగులో ఉండాలి. కప్పులో పడింది మాత్రం చెరువు నాచు రంగులో ఉంది.

నాకు వెంటనే తెలిసిపోయింది. నైవేద్యం ముద్దల మీద పువ్వులు దిద్దడానికి భిక్షువులు ముందురోజే వెన్నకి రంగులు కలిపి, చన్నీళ్ళ గిన్నెల్లో వంటింట్లో పెట్టారు. అతనికి కనిపించిన వెన్న అదే. అసలు వెన్న కిటికీ గూట్లో చెక్క డబ్బాలో ఉంటుంది. ఇన్నేళ్ళూ తాగాడే కానీ అది ఎక్కడుంటుందో చూసే పని పడలేదు.

లోపెన్ గారు కప్పుని వెలుగుకి పట్టుకుని చూశారు. "పెన్‌జోర్, ఇది మాకా, నాగదేవతలకా?"

ముందు చిన్న భిక్షువులు నవ్వారు, తర్వాత అందరూ. పెన్‌జోర్ చెవులు ఎర్రబడ్డాయి. అతను నా వైపు చూసిన చూపు నాకు బాగా తెలుసు. 'లే, చిమీ. పరువు పోతోంది' అని. లేస్తే నిమిషంలో సర్దుకుంటుంది. కొత్త టీ వస్తుంది, ఈ కథ నవ్వుకునే కథ అవుతుంది, వచ్చే ఏడాది నుంచి 'చూశావుగా, ఆ పని నీదే' అన్న మాట అవుతుంది. ఛోకి పెళ్ళై ఈ ఇల్లు దాని పేరున వచ్చినప్పుడు, దాని పెనిమిటికీ అదే మాట దొరుకుతుంది.

"కిటికీ గూట్లో, చెక్క డబ్బాలో ఉంది వెన్న" అన్నాను. అక్కడే కూర్చుని అన్నాను.

పెన్‌జోర్ కెటిల్ తీసుకుని వెళ్ళిపోయాడు.

చదవడం ముగింపుకి వచ్చింది. లోపెన్ గారు పుస్తకం మీద వేలు పెట్టి ఆగారు. ఈ ఇంట్లో ఎవరి క్షేమం కోసం అని పేర్లు చదివే చోటు అది. అలాంటి చోటొకటి ఉందనే నాకు తెలియదు. ఆయన తలుపు వైపు చూశారు. "పేర్లు చెప్పేది పెన్‌జోర్ కదా. పోనీలే, ఏటా చెప్పేవే. పెన్‌జోర్, నామ్గే, ఇంకా ఇంట్లోవాళ్ళు. అంతేగా?"

ఇంకా ఇంట్లోవాళ్ళు. ఇన్నేళ్ళుగా దేవుళ్ళ దగ్గర నా పేరు అది.

"కాదండి, లోపెన్ గారూ" అన్నాను. "మొదట చిమీ యాంగ్‌డన్. తర్వాత ఛోకి వాంగ్మో. తర్వాత నామ్గే, పెన్‌జోర్."

అంగే జపమాల ఆగింది. లోపెన్ గారు నన్ను చూసి, చిన్నగా తలూపి, చదివారు. నా పేరు డోలు మోతతో కలిసి గదిలో తిరిగింది. మూల నుంచి మేడం ఫోను ఎత్తడం కనిపించింది. ఎప్పటిలా దగ్గరికి రాలేదు. వెనక్కి జరిగి, గోడకి ఆనుకుని, నేను మొత్తం పట్టేదాకా జరిగింది.

తలుపు దగ్గర పెన్‌జోర్ నిలబడి ఉన్నాడు, కొత్తగా కాచిన టీ కెటిల్‌తో. ఎంతసేపటి నుంచి ఉన్నాడో. పేర్లు విన్నాడని అతని మొహం చెప్పింది. భిక్షువులకి పోశాడు, అంగేకి పోశాడు, ఛోకికి పోశాడు. ఈసారి టీ గులాబీ రంగులోనే ఉంది. నా ముందుకొచ్చి వంగి, నా మొహంలోకి చూడకుండా కెటిల్ వంచబోతూ ఆగాడు. నేను కప్పుకి చెయ్యి అడ్డం పెట్టి వద్దంటానని ఎదురుచూస్తున్నాడు.

నేను కప్పు ముందుకి చాపాను.