సౌనా పైమెట్టు మీద రైఫిల్

తౌనో హైకురాకి అరవయ్యేళ్ళు నిండిన రోజున లెహ్తోవారా ఊరి వేట జట్టంతా కలిసి అతనికి ఒక కొత్త రైఫిల్ బహుమతిగా ఇచ్చింది. అతని పాత తుపాకీ వాళ్ళ నాన్న కాలం నాటిది. గొట్టం లోపల అరిగిపోయి, కిందటి అక్టోబరులో యాభై గజాల దూరంలో నిలబడి ఉన్న దుప్పికి గురి తప్పింది. మామూలు దుప్పి కాదు, గుర్రం కంటే ఎత్తైన మూస్ దుప్పి. అది పారిపోను కూడా లేదు. తలెత్తి తౌనో వైపు కాసేపు చూసి, తీరిగ్గా నడుచుకుంటూ అడవిలోకి వెళ్ళిపోయింది. ఆ సంగతి జట్టులో ఏడాది పొడుగునా నలిగింది.

కొత్త రైఫిల్‌ని ఎంచినవాడు జట్టు నాయకుడు ఏలిస్. పుట్టినరోజు కాఫీ బల్ల దగ్గర నిలబడి అతను నాలుగు వాక్యాలు మాట్లాడాడు. ఏలిస్ నోట అన్ని మాటలు వరసగా రావడం ఊళ్ళో ఎవరూ ఎరగరు. అందులో మూడు వాక్యాలు రైఫిల్ గురించే. తౌనో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వారం తిరిగేసరికి మళ్ళీ తిరిగాయి, కాకపోతే కారణం వేరు.

రైఫిల్ గురి కుదరడం లేదు.

మొదటి గుండు నల్లచుక్క మధ్యలో పడేది. రెండోది దాని పక్కనే. మూడోదానికి బుద్ధి మారేది. నాలుగు, అయిదు కుడివైపుకి, పైకి ఎగబాకేవి. వంద మీటర్ల దూరంలో అయిదు గుళ్ళూ కలిపి కొలిస్తే జానెడు పైన వచ్చింది. తౌనో రైఫిల్ మీది దుర్భిణి మరలు బిగించి చూశాడు, నాలుగు రకాల తూటాలు మార్చి చూశాడు. తన కళ్ళే పోయాయేమోనని పట్నం వెళ్ళి డాక్టరుకి చూపించుకున్నాడు. కళ్ళు నిక్షేపంగా ఉన్నాయని ఆవిడ చెబితే దిగాలుపడి ఇంటికొచ్చాడు.

"ఏలిస్‌కి చెప్పరాదూ? కొట్టువాడికి తిరిగిచ్చేస్తాడు," అంది భార్య హిల్కా.

"ఏ మొహం పెట్టుకుని చెప్పను? అంతమంది కలిసి ప్రేమగా ఇచ్చారు. బాగాలేదంటే వాళ్ళ మనసు ఎంత కష్టపడుతుంది!"

"నేను అల్లిన స్వెట్టర్ బాగాలేదని ముప్పయ్యేళ్ళుగా చెబుతూనే ఉన్నావుగా. నా మనసు రాయా?"

తౌనో కాఫీ కప్పు తీసుకుని వరండాలోకి జారుకున్నాడు.

ఆగస్టులో మూడో ఆదివారం గురి పరీక్ష. డెబ్భై అయిదు మీటర్ల దూరంలో దుప్పి బొమ్మ నిలబెడతారు. దాని గుండె దగ్గర పళ్ళెమంత వలయం. నాలుగు గుళ్ళూ అందులోనే పడాలి, లేకపోతే ఆ ఏడు వేటకి తుపాకీతో వెళ్ళనివ్వరు. కుక్కల వెనకాల అరుచుకుంటూ పొదలు తట్టేవాళ్ళతో పోవలసిందే. ఊరంతా వచ్చి చూసే పరీక్ష అది. అందుకని తౌనో ఎవరి కంటా పడకుండా పొద్దున్నే అయిదింటికే గురి మైదానానికి వెళ్ళి, ఊరివాళ్ళు కాఫీ తాగే వేళకి తిరిగొచ్చేసేవాడు.

చివరికి బామ్మర్ది ఓస్మోకి చెప్పుకోక తప్పలేదు. ఓస్మో స్కూలు బస్సు నడుపుతాడు. వేట పత్రికలన్నీ అక్షరం వదలకుండా చదువుతాడు. అతని చేతిలో పడ్డ వస్తువు తప్పకుండా బాగుపడుతుంది, కాకపోతే ముందు ఒకసారి పూర్తిగా పాడవుతుంది.

ఓస్మో రైఫిల్‌ని వంటింటి బల్ల మీద పెట్టాడు. చర్చి కరపత్రం ఒకటి చించి, గొట్టానికీ దాని కింది కొయ్యకీ మధ్య దూర్చి వెనక్కి లాగాడు. కాగితం సగం దూరం వచ్చి ఆగిపోయింది.

"చూశావా బావా? కొయ్య గొట్టాన్ని ముట్టుకుంటోంది. రెండు గుళ్ళు పేలేసరికి గొట్టం వేడెక్కుతుంది. వేడెక్కగానే కొయ్య దాన్ని పక్కకి నెడుతుంది. గొట్టం దేన్నీ తాకకూడదు. గాల్లో ఉన్నట్టుండాలి."

"మరి కొత్త తుపాకీకి ఇదేం ఖర్మరా?"

"కొయ్య కదా. మన వానలకి ఉబ్బింది. మా అక్కని పెళ్ళి చేసుకున్నాక నువ్వు ఉబ్బలా?"

రెండు సాయంత్రాలు వరండాలో కూర్చుని గరుకు కాగితంతో కొయ్యని లోపలివైపు రుద్దారు. కరపత్రం ఈ చివర నుంచి ఆ చివరికి సాఫీగా జారింది. మర్నాడు పొద్దున తౌనో అయిదు గుళ్ళు పేల్చాడు. జానెడు కాస్తా బెత్తెడయింది. అతనికి అక్కడితో ఆపేద్దామనే ఉంది.

"ఇంకా సగం పనే అయింది బావా," అన్నాడు ఓస్మో. "ఈ ఇనుప భాగం కొయ్యలో కుదురుగా కూర్చోలేదు. పేలినప్పుడల్లా ఒక్కో చోట సర్దుకుంటోంది. రెండు డబ్బాల జిగురు ఉంటుంది. కలిపి కొయ్యలో పోసి, పైన ఇనుము పెట్టి బిగించేస్తాం. గట్టిపడ్డాక తీస్తే అచ్చు పోసినట్టు అతుకుతుంది. ఇక కదలమన్నా కదలదు."

అది నిజమే అయింది. గురువారం జిగురు పోసి బిగించారు. శుక్రవారం మరలు విప్పారు. ఇనుము కొయ్యలోంచి కదల్లేదు. తౌనో లాగాడు. ఓస్మో లాగాడు. ఒకడు గొట్టం, ఒకడు కొయ్య పట్టుకుని ఇద్దరూ కలిసి లాగారు.

"ఏంట్రా ఇది?" అన్నాడు తౌనో రొప్పుతూ.

"జిగురు అంటుకోకుండా నువ్వు ఇనుముకి మైనం బాగా పట్టించావు కదా?"

"నేనా? నువ్వు పట్టించావనుకున్నాను!"

"నువ్వు కాఫీకి లోపలికి వెళ్ళొచ్చావుగా, అప్పుడు మైనం పూసి తెచ్చావనుకున్నాను."

"కాఫీకి వెళ్ళి మైనం ఎందుకు తెస్తానురా!"

హిల్కా చేతులు తుడుచుకుంటూ వచ్చి, బల్ల మీద ఒక్క ముద్దయిపోయి ఉన్న రైఫిల్‌ని చూసింది. ఇరవయ్యేళ్ళు బేకరీలో చేసిన మనిషి.

"గిన్నెకి వెన్న రాయకుండా కేకు పిండి పోశారన్నమాట, ఇద్దరు మగాళ్ళూ కలిసి," అంది.

ఆదివారమే పరీక్ష. వేడి చేస్తే ఆ జిగురు మెత్తబడుతుందని పత్రికలో ఎక్కడో చదివినట్టు ఓస్మోకి గుర్తు. హిల్కా జుట్టు ఆరబెట్టుకునే మిషను గంటసేపు పట్టి చూశారు. మిషను కాలింది, జిగురు చెక్కుచెదరలేదు. పొయ్యి అరలో పెడదామంటే రైఫిల్ పొడుగుకి అది సరిపోలేదు.

"రేపు శనివారం, ఎలాగూ సౌనా వేడిచెయ్యాలి," అంది హిల్కా. "ఈ ఇంట్లో అంత పొడుగు పొయ్యి అదొక్కటే."

మెట్ల మీద కూర్చుని, కాలిన రాళ్ళ మీద నీళ్ళు చల్లి ఒంటికి ఆవిరి పట్టుకునే చెక్క గది సౌనా. శనివారం మధ్యాహ్నం నుంచీ అందులో కట్టెలు మండించారు. దుర్భిణి తీసేసి, తూటాలు పెట్టే భాగం కూడా విప్పి ఇంట్లో పెట్టి, మిగిలినదాన్ని సౌనా పైమెట్టు మీద తువ్వాలు పరిచి పడుకోబెట్టారు. ఇనుము తడిస్తే తుప్పు పడుతుందని రాళ్ళ మీద ఒక్క చుక్క నీళ్ళు చల్లలేదు. ఆవిరి లేని పొడి వేడిలో తౌనో మొలకి గుడ్డ చుట్టుకుని, జ్వరం వచ్చినవాళ్ళ దగ్గర కూర్చున్నట్టు రైఫిల్ పక్కన కూర్చున్నాడు. ఓస్మో బయట మెట్ల మీద కాపలా.

సరిగ్గా అప్పుడే ఏలిస్ వచ్చాడు, చేతిలో సాసేజిల పొట్లంతో.

"లోపల పని జరుగుతోంది," అన్నాడు ఓస్మో అడ్డంగా లేచి.

"సౌనాలో పనేంటి?" అని ఏలిస్ బట్టలు విప్పి కొక్కేనికి తగిలించి లోపలికి వెళ్ళిపోయాడు.

తలుపు చప్పుడు వినగానే తౌనో రెండో తువ్వాలు తీసి రైఫిల్ మీద కప్పాడు. ఏలిస్ పైకెక్కి, తువ్వాలు కింద పొడుగ్గా పడుకున్నదానికి అటుపక్క కూర్చున్నాడు.

"ఎవరది?" అన్నాడు ఏలిస్.

"ఏదీ?"

"మన మధ్యన."

"ఓ, అదా. చెక్క. ఆరబెట్టాను."

ఏలిస్ తల ఊపాడు. వంగి తొట్లోంచి గరిటె నిండా నీళ్ళు తీసి రాళ్ళ వైపు ఎత్తాడు.

"వద్దు!" అని తౌనో అరిచిన అరుపుకి బయట ఓస్మో కూడా లేచి నిలబడ్డాడు.

ఏలిస్ చేయి గాల్లోనే ఆగిపోయింది. డెబ్భై ఏళ్ళ బతుకులో సౌనాలో నీళ్ళు చల్లొద్దన్న మనిషిని అతను చూడలేదు. గరిటె మెల్లగా తొట్లో పెట్టాడు.

"తౌనో, ఒంట్లో బాగుందా?"

తౌనో తువ్వాలు తీసేశాడు. అప్పటికే ముఖం ఎర్రగా ఉంది కాబట్టి సిగ్గుతో ఎర్రబడ్డదెంతో తెలియలేదు. మూడో గుండు నుంచి మొదలుపెట్టి కరపత్రం, గరుకు కాగితం, జిగురు, రాయని మైనం, అన్నీ చెప్పేశాడు. "మీరంతా అభిమానంగా ఇచ్చారు. నువ్వు వెతికి వెతికి ఎంచావు. అందుకే చెప్పలేకపోయాను," అన్నాడు.

ఏలిస్ వంగి రైఫిల్ గొట్టం కేసి చూశాడు. చెమట గడ్డం మీంచి కారుతోంది.

"కుడివైపుకి, పైకి పోతోందా?" అన్నాడు.

"నీకెలా తెలుసు?"

"నాదీ అంతే. నీకు కొన్న రోజునే నాకూ ఒకటి కొనుక్కున్నాను. అందరి ముందూ అంత పొగిడాక బాగాలేదని ఎలా చెప్పను? జూన్ నుంచీ పొద్దున నాలుగింటికే మైదానానికి పోయి, నువ్వొచ్చేలోగా వచ్చేస్తున్నాను. దారిలో నీ కారు కనిపిస్తే చెట్ల వెనక ఆగేవాణ్ణి. తౌనో రైఫిల్ బాగా కుదిరినట్టుంది, రోజూ సరదాగా పేల్చుకుంటున్నాడు, నా చేతులకే వయసొచ్చిందనుకున్నాను."

తౌనోకి నవ్వొచ్చింది. ఆపుకుందామనుకున్నాడు, కుదర్లేదు. ఏలిస్ కూడా నవ్వడం మొదలుపెట్టాడు. అతనికి అలవాటు లేక దగ్గులా వచ్చింది.

"హిల్కా! చేతి తొడుగులు!" అని కేకేశాడు తౌనో.

పొయ్యి దగ్గర వాడే పువ్వుల తొడుగులు తలుపు సందులోంచి లోపలికొచ్చాయి, వాటితోపాటు చెక్క సుత్తి. ఏలిస్ పువ్వుల తొడుగులతో కొయ్యని గట్టిగా పట్టుకున్నాడు. తౌనో సుత్తితో గొట్టం మీద మెల్లగా ఒకటి, ఇంకాస్త గట్టిగా ఇంకొకటి వేశాడు. మూడో దెబ్బకి సీసా బిరడా ఊడినట్టు చప్పుడై ఇనుము చేతిలోకొచ్చేసింది. జిగురు కొయ్యలోనే ఉండిపోయింది, గడ్డకట్టిన చెరువంత నున్నగా. ఇనుము మీది ప్రతి గీతా దానిలో అచ్చయి ఉంది. బయటికి తెచ్చి చల్లార్చి, అంచులు గీకి, మైనం పూశారు. ఈసారి పూస్తున్నంతసేపూ హిల్కా పక్కనే నిలబడి చూసింది. తరవాత ముగ్గురు మగాళ్ళూ సౌనాలోకి వెళ్ళి, మధ్యాహ్నం నుంచి బాకీపడ్డ నీళ్ళన్నీ రాళ్ళ మీద కుమ్మరించారు.

ఆదివారం పొద్దున్నే తౌనో దుర్భిణి సరిచేసుకుని అయిదు గుళ్ళు పేల్చాడు. అయిదింటినీ ఒక అగ్గిపెట్టెతో కప్పేయొచ్చు. పక్కనే ఉన్న ఏలిస్ దాన్ని చూసి "ఊఁ" అన్నాడు. అతని దగ్గర అంతకంటే పెద్ద మెప్పు లేదు.

పరీక్షలో తౌనో నాలుగు గుళ్ళూ వలయం మధ్యలో గుత్తిగా పడ్డాయి. తరవాత ఏలిస్ తన రైఫిల్‌తో పేల్చాడు. రెండు లోపల, ఒకటి అంచున, ఒకటి బొమ్మ వీపు పైన గాల్లోకి. ముప్పయ్యేళ్ళలో నాయకుడు తప్పడం ఎవరూ చూడలేదు. ఏలిస్ తన రైఫిల్‌ని బల్ల మీద పెట్టి, తౌనో దగ్గరికి నడిచి చేయి చాపాడు. తౌనో ఇచ్చిన రైఫిల్‌తో రెండోసారి నాలుగూ లోపలేశాడు.

జట్టంతా తౌనో చుట్టూ మూగింది. "ఏం చేశావయ్యా దానికి?"

"నిన్న సౌనాలో పెట్టాను," అన్నాడు తౌనో. అసలు సంగతి ఆ తరవాత చెబుదామనుకున్నాడు, కానీ ఎవరూ ఆగలేదు.

ఏలిస్ రైఫిల్‌కి ఓస్మో ఆ వారమే జిగురు పోశాడు, మైనం రెండుసార్లు పూసి మరీ. అది మర్నాడే చక్కగా ఊడొచ్చింది. కానీ సౌనా మాట అప్పటికే ఊరు దాటిపోయింది. ఎంతసేపు వేడిచెయ్యాలి, భూర్జ కట్టెలా, ఆల్డర్ కట్టెలా అని సహకార సంఘం కొట్లో వాదనలు జరిగాయి.

తరవాతి శనివారం సాయంత్రం పక్క ఊరి విల్హో వచ్చి తౌనో వాళ్ళ గుమ్మంలో నిలబడ్డాడు. ఒక చేతిలో భార్య పంపిన యాలకుల రొట్టె. ఇంకో చంకలో ఉన్ని దుప్పటి చుట్టిన పొడుగాటి మూట.

"నాది కొంచెం ఎడమకి కొడుతోంది వదినా," అన్నాడు మొహమాటంగా. "ఒక్క గంటసేపు పైమెట్టు మీద చోటిస్తే..."

హిల్కా రొట్టె అందుకుని వాసన చూసింది.

"సౌనా వేడిగానే ఉంది, నువ్వు వెళ్ళు," అంది. "ఆ మూట మాత్రం కారులోనే కూర్చుంటుంది."