దీవెనమ్మకు వినబడే బండి

మల్కాపురంలో దీవెనమ్మ గడియారం చూసి వంట చేసేది కాదు, బండి విని చేసేది. కొడుకు హెన్రీ స్టీలు ప్లాంటులో డ్యూటీ దిగి కూర్మన్నపాలెం గేటు దగ్గర బుల్లెట్టు కిక్కు కొట్టాడంటే, ఇక్కడ ఆమె ఎసట్లో బియ్యం పోసేది. బండి గాజువాక దాటిందంటే గంజి వార్చేది. శ్రీహరిపురం వచ్చేసరికి పొద్దుటి చేపల పులుసు పొయ్యెక్కేది. బండి గుమ్మం ముందుకొచ్చి ఇంజను ఆగేసరికి కంచం, కంచం పక్కన గ్లాసుతో నీళ్ళు సిద్ధంగా ఉండేవి. "రా నాయినా, ప్రార్థన సేసుకుని తిను" అనేది.

మధ్యలో పన్నెండు కిలోమీటర్ల రోడ్డుంది, ఆ రోడ్డు నిండా లారీలున్నాయి. పైగా దీవెనమ్మకి చెవుడు.

హుద్‌హుద్ తుఫాను వచ్చిన ఆదివారం నాడు పోయాయి ఆమె చెవులు. పైకప్పు రేకులు ఒక్కొక్కటే లేచిపోతుంటే గాలి ఇంట్లోకి దూరి ఊళ వేసింది. ఆ గాలిలోనే ఆమె భర్త జ్ఞానదాసు, పోర్టులో క్రేను నడిపే మనిషి, ఈ బుల్లెట్టు మీద పడుతూ లేస్తూ వచ్చి గుమ్మం ముందు ఆగాడు. ఆ చప్పుడు విన్నాక ఆమె చెవుల్లోకి ఇంకే చప్పుడూ పోలేదు. రిఫైనరీ సైరను మోగినా, ఓడ కూత పెట్టినా, చర్చిలో కొయిరు పాడినా ఏమీ లేదు. ఆ ఒక్క బండి మాత్రం ఉండిపోయింది. ఎంత దూరాన ఉన్నా వినబడేది.

వీధిలో దాన్నెవరూ వింతగా చూడలేదు. పక్కింటి తాయారైతే మేడ మీద బట్టలున్నప్పుడల్లా దీవెనమ్మ ఎదురుగా నిలబడి, వేళ్ళతో చినుకులు రాల్చి, గాజువాకలో వర్షముందా అని అడిగేది. "తడి రోడ్డు మీద వత్తన్నాడే, తీసీ" అని ఈమె అంటే తీసేసేది. జ్ఞానదాసు కరోనాలో పోయాక బండి హెన్రీ చేతికొచ్చింది. నడిపే మనిషి మారాడు గాని చప్పుడు మారలేదు.

హెన్రీకి ఇరవై నాలుగేళ్ళు. ఆ వయసులో అమ్మ వినే చప్పుడు కంటే స్టెఫీ వినే చప్పుడు ముఖ్యం. స్టెఫీ గాజువాకలో కళ్ళద్దాల షాపులో పనిచేసేది, ఆదివారం కొయిరులో పాడేది. ఆరాధన అయ్యాక చర్చి మెట్ల దగ్గర తల వంచి చెప్పులు వెతుక్కుంటుంటే ఆమె జడ భుజం మీంచి ముందుకి జారేది. ఆ జడ వెనక్కి వేసుకునే లోపు హెన్రీ బండి మీద ఆమె ముందు నుంచి పోయేవాడు. ఒక్కసారీ తలెత్తేది కాదు.

"తలెత్తడానికి అదేవైనా సౌండా బావా," అన్నాడు స్నేహితుడు ఉమామహేష్. "మా తాత బీడీ తాగి దగ్గినట్టుంటాది. పంజాబీ సైలెన్సరెయ్యి. లోపలున్న జాలీ పీకించీ. అప్పుడు సూడకపోతే నన్నడుగు."

ఆ రోజు నుంచి హెన్రీకి ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల వేడిలో నిలబడ్డా అదే సౌండు. ఎక్కడో మబ్బులు దొర్లినట్టు, ఆ మబ్బుల కింద ఒక జడ ఆగినట్టు.

ఒక గురువారం శ్రీహరిపురంలో అప్పలసూరి షెడ్డుకి వెళ్ళాడు. జ్ఞానదాసు కాలం నుంచీ ఆ బండి మీద చెయ్యేసేది అప్పలసూరే. కొత్త సైలెన్సరు పొడుగ్గా తళతళలాడుతూ, అందులో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చన్నట్టుంది. అప్పలసూరి క్లాంపు విప్పి పాతదాన్ని ఊడదీసి, వెంటనే కింద పెట్టకుండా ఒళ్ళో పెట్టుకున్నాడు. దాని నిండా సొట్టలు, తుప్పు. ఒక చోట ఎప్పుడో జ్ఞానదాసు వేయించిన వెల్డింగు మచ్చ.

"అమ్మకి సెప్పేవేటి?"

"ఇంజను అదే కదా మావా. అమ్మకి ఇనబడేది ఇంజను."

"ఏమోరా. ఇంజన్లన్నీ ఒక్కలాగే కొట్టుకుంటాయి. గొంతు మాత్రం ఇదీ," అని అప్పలసూరి దాని మీద వేలితో తట్టాడు.

అతనికొక పద్ధతి ఉంది. ఏ బండి నుంచి తీసిన సైలెన్సరైనా సుద్దముక్కతో పేరు రాసి పది రోజులు షెడ్డు గోడకి మేకుకి వేలాడదీస్తాడు. మనసు మారినవాళ్ళు వచ్చి తిరిగి వేయించుకుంటారు. పదకొండో రోజు పొద్దున్నే పాత ఇనుము బండి వస్తుంది. ఆ మాట హెన్రీకి రెండుసార్లు చెప్పాడు. హెన్రీ తలూపాడు గాని, అప్పటికే అతని చెయ్యి యాక్సిలేటరు మీద ఉంది. షెడ్డు రేకులు దడదడలాడి, పైనున్న పావురాలన్నీ ఒక్కసారి లేచాయి. హెన్రీ గుండె కూడా వాటితోపాటే లేచింది.

ఆ సాయంత్రం బండి మల్కాపురంలోకి వచ్చేసరికి వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి చూసింది, దీవెనమ్మ తప్ప. ఆమె వంటింట్లో పీట మీద, తల పక్కకి వంచుకుని కూర్చునుంది. బియ్యం కడిగి పెట్టి ఉన్నాయి. పొయ్యి వెలగలేదు. హెన్రీ భుజం మీద చెయ్యేస్తే ఉలిక్కిపడింది.

"నడిసొచ్చేవా? బండికేటయ్యింది?"

హెన్రీ గుమ్మం వైపు చూపించాడు. దీవెనమ్మ వెళ్ళి బండిని అటూ ఇటూ చూసి, కొత్త సైలెన్సరు మీద వేలు పెట్టి చటుక్కున తీసుకుంది. కాలిన వేలు నోట్లో పెట్టుకుని, "బాగా మెరుత్తంది" అంది. అంతే అంది. లోపలికి పోయి పొయ్యి వెలిగించింది.

మార్పించేద్దాం అనుకున్నాడు హెన్రీ. ఈ ఒక్క ఆదివారం చూసి మార్పించేద్దాం.

ఆదివారం స్టెఫీ తలెత్తింది. చెప్పు ఒకటే కాలికి ఉంది, రెండోది చేతిలో ఉంది. కళ్ళు పెద్దవి చేసి చూసి, నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు పెట్టుకుని హెన్రీ వారమంతా బతికాడు. డ్యూటీ దిగితే కళ్ళద్దాల షాపు ముందు నుంచి ఒకసారి అటు, ఒకసారి ఇటు. ఇంకా ఏడు రోజులున్నాయి కదా అనుకున్నాడు. ఇంకా నాలుగున్నాయి కదా అనుకున్నాడు. ఇంటికెళ్తే ఒకనాడు అన్నం చల్లారి ఉండేది, ఒకనాడు మాడి ఉండేది. దీవెనమ్మ ఏమీ అనేది కాదు. ఒక్క మాట అనుంటే మార్చేద్దునని తరవాత చాలాసార్లు అనుకున్నాడు. ఆ అనుకోవడం కూడా తప్పించుకోవడమేనని ఆ తరవాత తెలిసింది.

రెండో ఆదివారం చర్చి మెట్ల దగ్గర స్టెఫీ తనంతట తనే అతని దగ్గరికి వచ్చింది. ఆమె మొదటిసారి ఏం మాట్లాడుతుందో హెన్రీ వంద రకాలుగా ఊహించుకుని ఉన్నాడు.

"మీ అమ్మగారు రోజూ సాయంత్రం రోడ్డు మీద నిలబడతన్నారు, సూసేవా?" అంది స్టెఫీ. "నిన్న నాను షాపు నుంచొత్తంటే నా సెయ్యట్టుకుని ఆపేరు. మా వాడి బండి ఇనబడిందా అమ్మా అని అడిగేరు."

హెన్రీ నేరుగా శ్రీహరిపురం వెళ్ళాడు. అది పదో రోజు. పదో రోజు ఆదివారమని, షెడ్డు మూసుంటుందని లెక్క వేసుకోలేదు. అప్పలసూరి కుటుంబంతో సింహాచలం కొండకి వెళ్ళాడని పక్క టీకొట్టులో చెప్పారు. ఫోను చేస్తే తాళం వేసిన షెడ్డు లోపలే మోగింది. తలుపు సందులోంచి చూస్తే మేకుకి వేలాడుతున్న సైలెన్సరు కనబడుతోంది, దాని మీద సుద్దతో తన పేరు. వేలు పోయేంత సందు లేదు.

సోమవారం పొద్దుటి డ్యూటీ. మానేసి షెడ్డుకెళ్ళుంటే సరిపోయేది. మానలేదు. మూడింటికి వెళ్ళేసరికి మేకు ఖాళీగా ఉంది. అప్పలసూరి తల పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి ఆటోనగర్‌లో పాత ఇనుము కొనే దేవీప్రసాద్ దగ్గరికి పరిగెత్తారు. మధ్యాహ్నం లోడు ఇనుము కరిగించే మిల్లుకి వెళ్ళిపోయిందని అతను చెప్పాడు. "ఈపాటికి నీళ్ళయిపోయుంటాది. ఆనక కడ్డీలవుతాది," అని, హెన్రీ మొహం చూసి, కూర్చోడానికి స్టూలు జరిపాడు.

పంజాబీ తీయించి, కంపెనీ సైలెన్సరు కొత్తది తెచ్చి వేశారు. వీధిలో అందరూ అచ్చం పాత చప్పుడే అన్నారు. దీవెనమ్మకి మాత్రం ఏమీ వినబడలేదు. తాయారు వర్షం సంగతి అడగడం మానేసి, మిగతా ఊరిలాగే ఆకాశం వంక చూడడం మొదలుపెట్టింది.

వర్షాలు పోయి చలి వచ్చింది. ఒక సాయంత్రం హెన్రీకి సెలవు. బండి గుమ్మం ముందే ఉంది. చేటలో బియ్యం ఏరుతున్న దీవెనమ్మ ఉన్నట్టుండి తల పక్కకి వంచింది.

"బండి," అంది. "కూర్మన్నపాలెంలో ఉంది."

గబగబా ఎసరు పెట్టింది. గంజి వార్చే వేళయింది, వార్చకుండా గరిటె పట్టుకుని నిలబడిపోయింది. "గాజువాక దాట్లేదురా. వత్తన్నట్టే ఉంది గాని రావట్లేదు."

మర్నాడు సాయంత్రం వెతుక్కుంటూ వెళ్ళారు. ఆమె వెనక కూర్చుని, ఎటు తిరగాలో కొడుకు భుజాల మీద తట్టి చెప్పింది. కూర్మన్నపాలెం జంక్షను దాటి, ఒక సందులో, కట్టుబడి సగమైన అపార్టుమెంటు దగ్గర దింపమంది. చీకటి చీకటిగా ఉన్న కింది అంతస్తులో స్తంభాల మధ్య నడిచి, ఒక దాని ముందు ఆగి, రెండు చేతులూ దానికి ఆనించి, చెవి పెట్టింది. పైన ఆ స్తంభంలోంచి కడ్డీలు ఇంకా ఆకాశంలోకి పొడుచుకునే ఉన్నాయి.

వాచ్‌మన్ భార్య చిట్టమ్మ బిందె చంకన పెట్టుకుని వచ్చి, సాయంత్రమయితే ఆ స్తంభం గుడగుడలాడుతుందని, తన మొగుడు దాన్ని ఆనుకునే పడుకుంటాడని చెప్పింది. నిద్ర బాగా పడుతుందట.

హెన్రీకి ఏమీ వినబడలేదు. అమ్మ చేతుల పక్కన తన అరచెయ్యి పెట్టాడు. సిమెంటు చల్లగా ఉంది. దీవెనమ్మ కళ్ళు తెరిచింది.

"ఆగింది," అంది. "వచ్చేసేవు." కంచం పెట్టడానికి చుట్టూ చూసింది.

బిల్డింగు పూర్తయ్యాక చిట్టమ్మ వాళ్ళు ఊరికి వెళ్ళిపోయారు. ఆ స్తంభం వెనక గదిలోకి హెన్రీ, దీవెనమ్మ వచ్చారు. ప్లాంటులో షిఫ్టులు మారుతుంటాయి, రోజూ సాయంత్రం ఆరున్నరకి ఇక్కడ ఉండడం కుదరదు. అందుకని ప్లాంటు పని వదిలేశాడు. వాచ్‌మన్ అవడానికి ఎవడైనా ప్లాంటు వదులుతాడేటి బావా అని ఉమామహేష్ నెల రోజులు మాట్లాడలేదు. స్టెఫీ ఒకసారి మెట్ల దగ్గర, నిజమేనా అని అడిగింది. హెన్రీ అవునన్నాడు. ఆమె జడ వెనక్కి వేసుకుని వెళ్ళిపోయింది. మరుసటి ఏడు ఆమె పెళ్ళి ప్రకటన చర్చిలో మూడు ఆదివారాలు చదివారు. మూడుసార్లూ హెన్రీ వెనక బెంచీలో కూర్చుని విన్నాడు.

ఇప్పుడు సాయంత్రం ఆరు దాటితే స్తంభం మొదలెడుతుంది. గదిలో దీవెనమ్మ ఎసట్లో బియ్యం పోస్తుంది. గంజి వారుస్తుంది, పులుసు వెచ్చబెడుతుంది, కంచం పెట్టి తల పక్కకి వంచుకుని కూర్చుంటుంది. హెన్రీ వచ్చి చెయ్యి పెట్టేదాకా అది ఆగదు. పెట్టిన వెంటనే ఆగిపోతుంది, మళ్ళీ మర్నాటి దాకా ఆమెకి లోకంలో ఏ చప్పుడూ ఉండదు.

హెన్రీ కార్లు తుడిచిన గుడ్డ పిండి ఆరేసి, చేతులు కడుక్కుని స్తంభం దగ్గరికి వస్తాడు. అన్నం వాసన వస్తుంటుంది. ఆకలిగానే ఉంటుంది. అరచెయ్యి ఎత్తి, సిమెంటుకి బెత్తెడు దూరంలో ఆపి, అలాగే నిలబడతాడు.

లోపల అమ్మ వింటోంది. ఇంకాసేపు విననిస్తాడు.